పాత రిపోర్టులు లేవన్న నా ప్రోగ్రాం

రిటైరై రెండేళ్ళవుతున్నా ఖమ్మం పక్కన ఖానాపురం హవేలిలో నన్నింకా ‘కంప్యూటర్ మేడం’ అనే పిలుస్తారు. ఎవరింట్లో ప్రింటర్ కాగితం మింగినా, ఎవరి ఫోన్‌లో ఫొటోలు మాయమైనా మా గేటు చప్పుడవుతుంది. నేను ప్రింటర్ల మనిషిని కాదని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి, చివరికి ప్రింటర్లు బాగుచేయడం నేర్చుకున్నాను. ఉద్యోగంలో ఉన్నంతకాలం రాని విద్య రిటైరయ్యాక అబ్బింది.

నా పేరు సుగుణ. నేను చేసిన అసలు పని వేరు. ఖమ్మంలో ఒక ట్రస్టు ఆస్పత్రి. భద్రాచలంలో దానికో బ్రాంచి, బోనకల్‌లోనూ పినపాకలోనూ చిన్న సెంటర్లు. ఈ నాలుగు చోట్లా కంప్యూటర్లలో నడిచే ప్రతి ప్రోగ్రాంకూ దాదాపు ముప్పై ఏళ్ళు నేనే దిక్కు. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి రెండు, రెండూ నేను అడగడం మానేశాక వచ్చినవే.

మీకు కాలేజీలో సర్వీస్ ఓరియెంటెడ్ ఆర్కిటెక్చర్ అని ఒక పాఠం చెప్తారు. ముద్దుగా ఎస్‌ఓఏ. ఒక్కో ప్రోగ్రాం ఒక్కో పనికి సర్వీస్‌గా కూర్చుంటే, మిగతావి దాన్ని అడిగి జవాబు తీసుకునే పద్ధతి. బోర్డు మీద నాలుగు డబ్బాలు గీసి మధ్యలో బాణాలు వేస్తారు. పరీక్షలో అదే గీస్తే మార్కులొస్తాయి. ఆ బాణం మీద ఏం ప్రయాణం చేస్తుందో మాత్రం పుస్తకంలో ఉండదు. నాకది భద్రాచలంలో ఒక పొద్దున తెలిసింది. ఆ పొద్దున దగ్గరికి రావాలంటే ముందు ప్లాస్టిక్ కవర్ గురించి చెప్పాలి.

ప్లాస్టిక్ కవర్

నేను చేరినప్పుడు ఆస్పత్రిలో ఒక్కటే ప్రోగ్రాం, పేర్లు నమోదు చేసేది. నేనే రాశాను. తర్వాత లాబ్‌కు మెషీన్‌తో పాటు దాన్ని అమ్మినవాళ్ళ ప్రోగ్రాం వచ్చింది. మందుల స్టోర్‌కు మరొకటి. స్కానింగ్‌కు ఇంకొకటి. భద్రాచలం బ్రాంచి మొదలైనప్పుడు అక్కడి మేనేజర్ గారి బావమరిది పని లేక ఖాళీగా ఉన్నాడని అతనితో ఒకటి రాయించారు. అందులో పేషెంటు వయసు మూడు వందలని కొట్టినా ఒప్పుకునేది. పేరు మాత్రం పద్నాలుగు అక్షరాలు దాటితే ఒప్పుకునేది కాదు.

ఒక ప్రోగ్రాం ఇంకోదానితో మాట్లాడేది కాదు. జ్వరమని వచ్చిన మనిషి ఏడు కౌంటర్లలో ఏడుసార్లు పేరు చెప్తే, మేం ఏడు రకాలుగా రాసుకునేవాళ్ళం. భద్రాచలంలో నిన్న చేసిన రక్తపరీక్షను ఖమ్మంలో ఇవాళ మళ్ళీ చేసేవాళ్ళం. అడవి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు తమ రిపోర్టులన్నీ బట్టల దుకాణం వాళ్ళిచ్చిన కవర్‌లో చుట్టి, చంకలో పెట్టుకుని బస్సు దిగేవాళ్ళు. మా ఆస్పత్రిలోని ప్రోగ్రాములన్నిటినీ కలిపిన ఒకే ఒక్క వస్తువు ఆ ప్లాస్టిక్ కవర్. దాన్ని చూసినప్పుడల్లా నాకు చిన్నతనంగా ఉండేది. ఎప్పటికైనా ఈ కవర్ లేకుండా చేస్తానని మనసులో పంతం పట్టాను. పంతం మంచిదే. కవర్ విలువ తెలియకుండా పట్టడమే తప్పు.

ఖాజా భాయ్ చెప్పిన పాఠం

మందుల స్టోర్ ఇన్‌చార్జి ఖాజా భాయ్. వాళ్ళ నాన్నకు కమాన్ బజార్‌లో గడియారాల దుకాణం ఉండేది. చిన్నప్పటి నుంచి విప్పడం, బిగించడం అలవాటైన చెయ్యి కాబట్టి, ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే పుస్తకాలు ముందేసుకుని స్టోర్ ప్రోగ్రాం సొంతంగా రాసుకున్నాడు. బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లో ఏ బ్యాగు ఏ అరలో ఉందో చూపించే ప్రోగ్రాం కూడా ఆయనదే. నాకు డిగ్రీ ఉంది, ఆయనకు లేదు. ఆ గీర నాలో కొంత ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

డాక్టర్లకు మందుల నిల్వ కనపడాలంటే ఏం చేయాలి? నేను ఖాజా భాయ్‌ని అడగలేదు. నేరుగా ఆయన ప్రోగ్రాం లోపలి పట్టికల్లోకి చొరబడి, మూడో గడిలో ఉన్న అంకెను తెచ్చి నా స్క్రీన్ మీద చూపించాను. ఏడాది పాటు బ్రహ్మాండంగా నడిచింది. ఒకరోజు ఆయన తన అవసరం కొద్దీ గడులు జరిపి, మూడో గడిలో మందు గడువు తేదీ పెట్టుకున్నాడు. ఆ తేదీని నా ప్రోగ్రాం నిల్వ అనుకుంది. తేదీలోని అంకెలన్నీ ఒక సంఖ్య అయిపోయి, మా స్టోర్‌లో పారాసెటమాల్ మాత్రలు రెండు కోట్లకు పైగా ఉన్నట్టు ప్రతి డాక్టర్ ముందూ ప్రత్యక్షమైంది. దేశానికంతటికీ జ్వరం రాబోతోందా అని పెద్ద డాక్టర్ గారు ఫోన్ చేసి అడిగారు.

మధ్యాహ్నం ఖాజా భాయ్ నా గదికి వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని నెమ్మదిగా అడిగాడు.

“మేడం, మీరు మా ఇంటికొస్తే ఎటు నుంచి వస్తరు?”

“తలుపు నుంచే వస్తాను, ఇంకెటు వస్తాను?”

“మరి నా ప్రోగ్రాంల కిటికీ ఎక్కి ఎందుకు దిగుతున్నరు? నా ఇంట్ల బీరువా నేను జరుపుకున్న, మీ కాలికి తగిలింది. తప్పు బీరువాదా? తలుపు కాడ నిలబడి ఏం కావాల్నో అడగండి. నేను లోపలికి పోయి తెచ్చిస్త. బీరువా ఏ మూలకున్నదో మీకెందుకు?”

ఆ రోజుకి మా ఇద్దరికీ ఎస్‌ఓఏ అనే మాట తెలియదు. తర్వాత నేను హైదరాబాద్‌లో శిక్షణకు వెళ్ళి లావుపాటి పుస్తకం తెచ్చుకున్నాను. అందులో ఉన్న మొదటి సంగతి ఖాజా భాయ్ ఐదు నిమిషాల్లో చెప్పేశాడని తెలిసి నవ్వుకున్నాను.

మేమిద్దరం ఒక కాగితం రాసుకున్నాం. ఏం అడగొచ్చు, ఏ రూపంలో అడగాలి, జవాబు ఏ రూపంలో వస్తుంది. మందు అయిపోతే సున్నా అని చెప్పాలని నేను రాశాను. ఖాజా భాయ్ కళ్ళజోడు సర్దుకుని, “స్టోరే మూసి ఉంటే?” అన్నాడు. అప్పుడూ సున్నానే అన్నాను. “కాదు మేడం. మందు లేకపోవుడు వేరు, నేను చూడకపోవుడు వేరు. స్టోర్ మూసి ఉన్నదని చెప్పాలె” అని పట్టుబట్టాడు. సరే, ముసలాయన ముచ్చట ఎందుకు కాదనాలని ఆయన సర్వీస్‌లో ఆ జవాబు పెట్టించాను. నావి రాసేటప్పుడు మాత్రం ఆ మాట గుర్తు పెట్టుకోలేదు.

పెద్ద డాక్టర్ గారు

ఆస్పత్రి పెట్టింది, నడిపింది పెద్ద డాక్టర్ గారు. ఊళ్ళో అందరికీ ఆయన అంటే భయం. నాకు భయం కంటే ముందు నవ్వొచ్చేది. ఒకసారి హైదరాబాద్‌లో ఏదో సమావేశానికి వెళ్ళొచ్చి, బూట్లు కూడా విప్పకుండా నన్ను పిలిపించారు.

“సుగుణమ్మా, పెద్ద దవాఖానలన్నిట్ల ఎస్‌ఓఏ పెట్టుకున్నరంట. మనం ఎప్పుడు పెడుతున్నం?”

అదేదో కొత్త స్కానింగ్ మెషీన్ అయినట్టూ, ఒక గది ఖాళీ చేయిస్తే చాలన్నట్టూ అడిగారు. పది రోజుల్లో హైదరాబాద్ నుంచి ఒక సలహాదారుణ్ణి కూడా పిలిపించారు. ఆయన తెర మీద అందమైన బొమ్మ చూపించి, అన్ని ప్రోగ్రాముల మధ్యా ఒక పెద్ద బస్సు లాంటి సాఫ్ట్‌వేర్ తిరుగుతుందని, ప్రతి కబురూ దాని మీదే వెళ్తుందని గంటసేపు వివరించాడు. డాక్టర్ గారు ఓపిగ్గా విని, “మంచిగున్నది. మీరు పోయినంక ఈ బస్సు ఎవరు నడుపుతరు?” అన్నారు. సలహాదారు నా వైపు చూశాడు, నేను ఫ్యాన్ వైపు చూశాను. ఆయనకు మంచి భోజనం పెట్టించి బండెక్కించారు. నేను పనిచేసిన కాలంలో ఏ సాఫ్ట్‌వేర్ మీదైనా ఎవరైనా అడిగిన అతి తెలివైన ప్రశ్న అదే.

ఆ తర్వాత నాతో అన్నారు, “మనకు నడపొచ్చినంతనే పెట్టు. కాని జల్దీ పెట్టు.”

జల్దీగా పెట్టబోయి మొదట తప్పటడుగే వేశాను. పుస్తకంలో చెప్పారు కదా అని ప్రతి చిన్న పనికీ ఒక సర్వీస్ చేశాను. పేరుకొకటి, వయసుకొకటి, ఊరికొకటి. ఒక పేషెంటు వివరాలు తెరవాలంటే నా స్క్రీన్ నలభై తలుపులు తట్టేది. భద్రాచలం ప్రసూతి వార్డులో నాగమణి సిస్టర్ అని ఒక సీనియర్ నర్సు ఉండేది. కోయ కుటుంబంలో పుట్టి, ఆ చుట్టుపక్కల ఊళ్ళలో సగం మందికి పురుడు పోసిన మనిషి. ఆమె ఫోన్ చేసింది.

“మేడం, మీ స్క్రీన్ తెరుచుకునే లోపల నేను బీపీ చూసి, జ్వరం చూసి, వాళ్ళత్త పెట్టే బాధలన్ని విని వస్తున్న. ఇంకా తిరుగుతనే ఉన్నది.”

ఆ నలభైనీ కలిపి ఐదు చేశాను. మీకు ఇందులో నేను చెప్పగలిగింది ఒక్కటే. కౌంటర్ దగ్గర మనిషి ఒక్క మాటలో ఏం అడుగుతాడో, సర్వీస్ అంతే ఉండాలి. ‘ఈమె పాత రిపోర్టులేవి?’ అన్నది ఒక ప్రశ్న. దానికి ఒక సర్వీస్. అంతకన్నా చిన్నగా కోస్తే పనిచేసేవాళ్ళకు కష్టం, పెద్దగా కడితే రాసేవాళ్ళకు కష్టం.

పాత రిపోర్టుల సర్వీస్

ఆ ప్రశ్నకు జవాబిచ్చే సర్వీసే నా ఉద్యోగంలో నేను అన్నిటికంటే ముచ్చటపడి చేసిన పని. ఏ బ్రాంచిలో పేరు కొట్టినా నాలుగు చోట్ల ఉన్న రిపోర్టులూ వెతికి ఒకే స్క్రీన్ మీదికి తెస్తుంది. ప్లాస్టిక్ కవర్‌కు ఇక సెలవు.

ఇద్దరు ఒక్కరేనని ఎలా గుర్తుపట్టాలి? ఆధార్ కార్డు నొప్పులతో వచ్చినవాళ్ళ దగ్గర ఉండదు. అందుకని ఇంటిపేరు, పేరు, ఫోన్ నంబర్, ఈ మూడూ కలిస్తే ఒకే మనిషి అని రాశాను. ఖమ్మం పేషెంట్ల మీద నెల రోజులు పరీక్షించాం, ఒక్క తప్పు రాలేదు. ఇంక ఆగలేకపోయాను. నాలుగు చోట్లా గోడకు బోర్డు పెట్టించాను, ‘మీ పాత కాగితాలు తేవలసిన పని లేదు, అన్నీ కంప్యూటర్‌లో ఉంటాయి’ అని. ఆ వాక్యం నాదే. అక్షరాల సైజు కూడా నేనే చెప్పాను.

భద్రాచలంలో ఒక పొద్దున

వానాకాలం. భద్రాచలం బ్రాంచిలో ఆ సర్వీస్ మొదలైన వారమే నేను అక్కడికి వెళ్ళాను. ప్రసూతి వార్డులో నర్సుల బల్ల దగ్గర లాప్‌టాప్ పెట్టుకుని, ఇడ్లీ తింటూ, నా స్క్రీన్ ఎంత త్వరగా తెరుచుకుంటోందో చూసి మురిసిపోతున్నాను.

పినపాక సెంటర్ నుంచి అంబులెన్స్ వచ్చింది. ఇరవై ఏళ్ళ అమ్మాయి, తొలి కాన్పు, నెలలు నిండి నొప్పులు మొదలయ్యాయి. వెంట తల్లి, అన్న. పినపాకలో ఆమె పేరు సోడె జ్యోతి అని నమోదు చేసి, అన్న ఫోన్ నంబర్ రాశారు. ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉంది. మనిషి కాగితంలా తెల్లబడిపోయింది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ పేరు కొట్టి చూసింది. ఒక్క సెకనులో జవాబు వచ్చింది, ‘పాత రిపోర్టులు లేవు’.

ఇదివరకు ఏమైనా జబ్బు చేసిందా అని డాక్టరమ్మ అడిగితే తల్లి ఏమీ లేదంది. రక్తం ఎక్కించాలన్నారు. గ్రూపు చూశారు, ఎక్కించబోయే రక్తంతో ఆమె రక్తం కలిపి చూశారు, సరిపోయింది. బ్యాగు వచ్చింది. నాగమణి సిస్టర్ సూది గుచ్చడానికి జ్యోతి చెయ్యి పట్టుకుని ఆగిపోయింది. ఆ చెయ్యి రెండువైపులా తిప్పి చూసింది. తర్వాత వంగి, కోయ భాషలో ఏదో అడిగింది. జ్యోతి నొప్పుల మధ్య పళ్ళు బిగించి రెండు మూడు మాటలు చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

నాగమణి లేచి డాక్టరమ్మతో అంది, “మేడం, ఈ పిల్లకు ఇంతకుముందు రక్తం ఎక్కించిన్రు. పెండ్లయినంక. ఖమ్మంల, మన దవాఖానలనే.”

అప్పుడు నేనన్న మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. “లేదు సిస్టర్, స్క్రీన్ మీద లేవని వచ్చింది కదా” అన్నాను. ముందున్న మనిషి ఉందంటుంటే, నా ప్రోగ్రాం లేదంది కాబట్టి లేదన్నాను.

నాగమణి నా మీద విసుక్కోలేదు. “ఏ పేరు కొట్టిన్రు మేడం?”

“సోడె జ్యోతి.”

“అది ఆమె నాయిన ఇంటిపేరు. కాన్పుకు పుట్టింటికొచ్చింది కదా, ఈడ అందరికి ఆమె సోడె జ్యోతినే. ఖమ్మంల మొగుని ఇంటిపేరు చెప్పింటది.” జ్యోతి వైపు తిరిగింది. “బిడ్డా, మీ అత్తోళ్ళ ఇంటిపేరేంది?”

“కారం.”

కారం జ్యోతి అని కొట్టాను. ఫోన్ నంబర్ అడిగితే, ఖమ్మంలో షేర్ ఆటో నడిపే భర్త నంబర్‌ను జ్యోతి అన్న తన ఫోన్‌లోంచి తీసి చెప్పాడు. నంబర్ పూర్తయిందో లేదో, రిపోర్టులన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. డాక్టరమ్మ మూడో రిపోర్టు దగ్గర ఆగి, “ఆ బ్యాగు తీసేయండి” అంది.

సంగతేమిటంటే, ఖమ్మంలో ఎక్కించిన రక్తానికి ఆమె ఒంట్లో ఒక విరోధం పుట్టింది. ఒక రకం రక్తాన్ని ఆమె శరీరం శత్రువులా చూస్తుంది. అది మా ఖమ్మం లాబ్ అప్పుడే కనిపెట్టి రాసిపెట్టింది. నెలలు గడిస్తే ఆ విరోధం పరీక్షకు దొరకనంత తగ్గుతుంది, కానీ ఒళ్ళు మరిచిపోదు. అందుకే ఆ పొద్దున కలిపి చూసినా సరిపోయినట్టే కనపడింది. మామూలు రక్తం ఎక్కించి ఉంటే, కొద్ది రోజుల్లో ఆ రక్తమంతా లోపలే విరిగిపోయేది. అసలే రక్తం లేని బాలింత. బతికేదని డాక్టరమ్మ కూడా నమ్మకంగా చెప్పలేకపోయింది.

ఆ పిల్ల ముందే ఎందుకు చెప్పలేదని మీరడగొచ్చు. నేనూ అడిగాను. “కాయితాలు తేవద్దని ఖమ్మంల గోడ మీద రాసిన్రు కదా. అన్ని మీ కంప్యూటర్‌ల ఉంటయనుకున్న” అంది. ఆమె ప్లాస్టిక్ కవర్ ఖమ్మంలో కిరాయి ఇంట్లో, మేకుకు వేలాడుతోంది.

ఆమెకు సరిపడే రకం రక్తం భద్రాచలం ఫ్రిజ్‌లో లేదు. ఖాజా భాయ్ సర్వీస్‌ను అడిగాను. ఖమ్మంలో ఆ సరిపడే రకమని గుర్తు పెట్టిన బ్యాగులు రెండున్నాయని చెప్పింది. అయినా ఫోన్ చేశాను. ఆయన మాట్లాడుతూనే ఫ్రిజ్ తెరిచిన చప్పుడు వినిపించింది.

“రెండున్నయి మేడం. చేత్తో పట్టుకున్న. డబ్బాల మంచు నింపి పంపనా?”

“పంపండి భాయ్, జల్దీ.”

“పంపుడెందుకు, నేనే తెస్త.”

ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా దాదాపు మూడు గంటల దారి. ఆ మూడు గంటలూ డాక్టరమ్మ, నాగమణి ఆ పిల్ల పక్క నుంచి కదల్లేదు. నాకు అక్కడ చేసే పనేమీ లేదు. కారిడార్‌లో కూర్చుని గోడ మీద నా బోర్డు చూస్తున్నాను. నాగమణి ఒకసారి మంచినీళ్ళకు బయటికి వస్తే అడిగాను, ఎలా అనుమానం వచ్చిందని.

“చేతి మీద పాత సూది మచ్చలున్నయి మేడం. స్క్రీనేమో లేవన్నది. లేవు అంటే చూసి చెప్పిందా, చూడక చెప్పిందా, నాకెట్ల తెలుస్తది? నేను గూడ తొలి కాన్పుకు మా అమ్మోళ్ళింటికి పోయిన. మీరు పోలేదా?”

పోయానని తలూపాను.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది. ఖాజా భాయ్ మంచు డబ్బా ఒళ్ళో పెట్టుకుని దిగాడు. దారిలో ఎక్కడా డబ్బా కింద పెట్టలేదట, చొక్కా అంతా తడిసి ఉంది. ఆ రక్తాన్నీ కలిపి చూసి ఎక్కించడం మొదలుపెట్టారు. గంట లోపే లోపల్నుంచి ఏడుపు వినపడింది. ఆడపిల్ల. తల్లి క్షేమం. నాగమణి బయటికొచ్చి వేళ్ళు చూపించి రెండున్నర కిలోలని చెప్పింది. జ్యోతి అన్న గోడకానుకుని నవ్వుతూ ఏడ్చాడు. నేనూ అదే పని చేశాను. ఖాజా భాయ్ మాత్రం ఖాళీ డబ్బాలో మంచునీళ్ళు పారబోసి, క్యాంటీన్ ఎటువైపని అడిగాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదట. ఆ రోజు ఆస్పత్రి క్యాంటీన్‌లో మేమంతా తిన్న ఉప్మా కంటే రుచైనది నేను ఇప్పటివరకు తినలేదు.

తెలిసీ రాయనిది

మర్నాడు ఖమ్మం వచ్చి పెద్ద డాక్టర్ గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ప్రాణం నిలబెట్టింది నాగమణి సిస్టర్ అని, ముప్పు తెచ్చింది నేనని చెప్పాను.

“నాగమణికి తెలిసిన సంగతి నీకెట్ల తెల్వదమ్మా?”

“తెలుసు సార్. తెలిసీ రాయలేదు.”

నిజమే కదా. మా నాన్నగారు కోస్తా నుంచి వచ్చి బోనకల్ దగ్గర మిర్చి పండించిన మనిషి. నా తొలి కాన్పు మా ఆస్పత్రి బోనకల్ సెంటర్‌లోనే జరిగింది. అప్పటి రిజిస్టర్లు కంప్యూటర్‌లోకి ఎక్కించిందీ నా చేతి కింది వాళ్ళే. నా గదికి వెళ్ళి, నా పేరు నా ప్రోగ్రాంలో కొట్టాను. ఇప్పటి ఇంటిపేరు, ఇప్పటి ఫోన్ నంబర్. ‘పాత రిపోర్టులు లేవు’ అంది. నాన్నగారి ఇంటిపేరు, ఆ రోజుల్లో మేం వాడుకున్న పక్కింటివాళ్ళ ఫోన్ నంబర్ కొట్టాను. వచ్చాను. నా బరువు, నా బీపీ, మూడు కిలోల మగపిల్లవాడు. నేను రాసిన ప్రోగ్రాం ప్రకారం నాకు అసలు పిల్లలే లేరు. గదిలో ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను. పక్క గదివాళ్ళు వచ్చి తొంగిచూసి వెళ్ళారు.

మన వైపు తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్తుంది. వెళ్ళగానే ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, ఫోన్ నంబర్ అన్నదో తండ్రిదో అవుతుంది. ఆడదాని జీవితంలో ఆస్పత్రి అన్నిటికంటే అవసరమైన రోజున, నేను గుర్తు కోసం పెట్టుకున్న మూడింటిలో రెండు ఒకేసారి మారిపోతాయి. పరీక్షించిన నెలలో ఖమ్మం కాపురాల్లో ఉన్నవాళ్ళనే చూశాం కాబట్టి తప్పు కనపడలేదు. దీన్ని పరదేశంలో పుస్తకం రాసినవాళ్ళు చెప్పలేరు. ఇక్కడ పుట్టి, ఇక్కడ కని, ఇక్కడే ప్రోగ్రాం రాసిన నేను చెప్పాలి. చెప్పలేదు. ఆఫీసులో కూర్చోగానే ఇంటి సంగతులు గడప అవతల వదిలేయడమే చదువనుకున్నాను.

అదే వారం మూడు పనులు చేశాం. మొదటిది, పేరు నమోదులో అత్తగారింటి పేరు, పుట్టింటి పేరు రెండూ అడిగి, ఫోన్ నంబర్ మారినా రెండిట్లో ఏ పేరుతోనైనా వెతికేలా చేశాం. రెండోది, ‘లేవు’ అన్న మాట తీసేసి, ‘ఈ పేరుతో దొరకలేదు. వేరే ఇంటిపేరు, ఇదివరకటి చికిత్స గురించి అడగండి’ అని పెట్టాం. ఏదైనా బ్రాంచి లైను తెగి ఉంటే, అక్కడ చూడలేకపోయామని చెప్పేలా కూడా చేశాం. ఆ వాక్యం రాస్తూ ఖాజా భాయ్‌ని పిలిచి చూపించాను. “స్టోర్ మూసి ఉన్నదన్నట్టు” అని తలూపాడు. మూడోది, గోడ మీద బోర్డు నా చేత్తోనే విప్పాను. కాగితాలు తెచ్చుకోమని కొత్త బోర్డు పెట్టించాను. ఉన్నంతకాలం ఆ కవర్ కూడా ఒక సర్వీసే, దానికి కరెంటు కూడా అక్కర్లేదు.

ఆ తర్వాత ఏ కొత్త సర్వీసైనా నాగమణి సిస్టర్ చూసి సరేనన్నాకే బయటికి వెళ్ళేది. ఆమె సరే అనడం అంత తేలిక కాదు. ఒక్కో స్క్రీన్‌కు పది ప్రశ్నలు వేసేది, తొమ్మిదింటికి నా దగ్గర జవాబుండేది కాదు. నా చేతి కింద పనిచేసే పిల్లలు గొణిగేవాళ్ళు. నాకు మాత్రం ఆ గంటలే పండగలా ఉండేవి. మీరు ఎక్కడ చేరినా ముందు ఆ ఊళ్ళో మీ నాగమణి సిస్టర్ ఎవరో వెతుక్కోండి. ఆమెకు జీతం తక్కువ ఉంటుంది, హోదా ఉండదు, మీటింగులకు పిలవరు. మీరు పిలవండి.

రెండు పేర్లు

మూడు నెలల తర్వాత ఒక పొద్దున ఖమ్మం ఆస్పత్రిలో నమోదు కౌంటర్ పక్కన నిలబడి ఏదో కేబుల్ చూస్తున్నాను. వరసలో జ్యోతి కనపడింది. బుగ్గలు వచ్చాయి, రంగు తేలింది. చంకలో పాప, పాపకు టీకా వేయించాలి. భర్త బయట ఆటో పక్కకు పెడుతున్నాడు. నొప్పుల్లో నన్ను చూసింది కాబట్టి గుర్తుపట్టలేదు. నేనూ పలకరించలేదు, ఏం చెప్తుందో వినాలని.

“అత్తగారింటి పేరు?” అంది కౌంటర్ అమ్మాయి.

“కారం.”

“పుట్టింటి పేరు?”

“సోడె” అంది జ్యోతి. “అది గూడ రాస్తరా?”

“అవ్, రెండూ రాస్తం.”

“రెండిట్ల ఏది కొట్టినా నేనే వస్తనా?”

కౌంటర్ అమ్మాయికి ఏమనిపించిందో, స్క్రీన్ ఆమె వైపు తిప్పింది. ఒక పేరు కొట్టింది. అది చెరిపి రెండో పేరు కొట్టింది. రెండుసార్లూ అదే జ్యోతి, అవే రిపోర్టులు, కింద అదే పాప. జ్యోతి కౌంటర్ మీదికి వంగి కాసేపు అలాగే చూసింది. తర్వాత గుమ్మం వైపు తిరిగి భర్తను కేకేసింది.

“ఇటు రా, ఇది చూడు. నేను మా అమ్మోళ్ళింటికి పోయినా ఈడనే ఉన్న.”